మెట్ల బొమ్మ, మేలిరకపు డాక్‌లు

కాంపాక్ట్ డిస్కులోగాని, కంప్యూటరులోగాని, ఫోనులోగాని పాట అంకెల రూపమున ఉండును. ఆ అంకెలను ఆంప్లిఫయరు గ్రహింపగల విద్యుత్తరంగముగా మార్చు పరికరమునకు డాక్ అని పేరు. ఈ మార్పు చేయుట తప్ప దానికి వేరు పని లేదు. ఆపిల్ సంస్థవారు ఫోనుకు తగిలించుకొనుటకై అమ్ము తీగముక్క వంటి చిన్న డాక్ వెల అమెరికాలో 9 డాలర్లు. అదే దేశములో ఎం.ఎస్.బి. టెక్నాలజీ అను సంస్థ ‘సెలెక్ట్’ అను పేరుతో నిర్మించిన డాక్ వెల 80 వేల డాలర్లకు పైబడినది. రెండును అవే అంకెలను చదివి అదే పాటను వినిపించును. వెలలో ఎనిమిదివేల రెట్లకు మించిన వ్యత్యాసమున్నది. వినికిడిలో ఎంత వ్యత్యాసమున్నదో విచారింపవలసియున్నది.

ఇట్టి ఖరీదైన డాక్‌లను గూర్చిన సమీక్షలను చదివినచో గాయకుని ముందున్న తెర తొలగినదనియు, వాద్యముల నడుమ గాలి ఆడుచున్నదనియు, శబ్దము పట్టువలె మెత్తబడినదనియు వ్రాసియుండుట కనబడును. పోల్చి చూచిన రెండు పరికరముల బిగ్గరను ముందుగా సమానము చేసిరా, ఏది మ్రోగుచున్నదో తెలియకుండ వినిరా అను ప్రశ్నలకు మాత్రము చాలా సమీక్షలలో జవాబు దొరకదు. అమెరికాలోని స్టీరియోఫైల్ వంటి కొన్ని పత్రికలు వినినవారి వర్ణనతోపాటు ప్రయోగశాల కొలతలను కూడ అచ్చువేయుట మెచ్చదగినది. అయినను ఒక్కొక్కప్పుడు ఒకే పరికరమును గూర్చిన వర్ణనయు, కొలతయు పొంతన లేకుండ ప్రక్కప్రక్కనే నిలిచియుండును. చదువరి తనకు తోచినది నమ్మవలసినదే.

జనులు ఈ వర్ణనలను సులభముగా నమ్ముటకు ఒక కారణము మన తరగతి గదులలోనే ఉన్నది. డిజిటల్ శబ్దమును గూర్చి బోధించునపుడు నల్లబల్లపై ముందు ఒక నున్నని వక్రరేఖను గీచి, దానిమీద మెట్లు మెట్లుగా మరియొక రేఖను గీయుట అలవాటు. నున్ననిది అసలు ధ్వని, మెట్లుగా ఉన్నది డిజిటల్ ధ్వని అని విద్యార్థి మనస్సున నాటుకొనును. మెట్లు ఎంత చిన్నవైనను మెట్లే కదా, వాటిని నున్నగా చేయు పరికరమునకు వెల ఎక్కువగా ఉండుట న్యాయమే కదా అని అతడు పెద్దవాడైన తరువాత అనుకొనును. ఆ బొమ్మను చూపినవారు, అది కథలో సగమే అని చెప్పుట మరచిరి.

కాంపాక్ట్ డిస్కులో ధ్వని తరంగపు ఎత్తును సెకనుకు 44,100 పర్యాయములు కొలిచి వ్రాసియుంచెదరు. (ఈ వింత సంఖ్య వీడియో టేపు నుండి వచ్చినది. తొలిరోజులలో ఈ అంకెలను వీడియో టేపుపై నిలువచేసెడివారు. గీతకు 3 కొలతలు, 245 గీతలు, సెకనుకు 60 పర్యాయములు, హెచ్చవేసి చూడవచ్చును.) ఒక కొలతకును మరియొక కొలతకును నడుమ తరంగము ఏమైనదో మనకు తెలియదు కదా అని ప్రశ్నింపవచ్చును. జవాబునకు జ్యామితిని తలచుకొనిన చాలును. ఒకే సరళరేఖపై లేని మూడు బిందువులు ఇచ్చినచో వాటిగుండా పోవు వృత్తము ఒక్కటే. ఆ మూడు బిందువుల నడుమ వృత్తము విరిగిపోయినదని ఎవరును అనరు. అది వృత్తము అని ముందే తెలిసియుండుటవలన మూడు బిందువులు చాలినవి. అట్లే 22,050 హెర్ట్జులును, అంతకు పైబడినవియు అగు పౌనఃపున్యములు ఏవియు లేవని ముందే తెలిసిన తరంగమునకు సెకనుకు 44,100 కొలతలు చాలును. వాటిగుండా పోగల తరంగము ఒక్కటే. టెలిగ్రాఫు సంకేతముల విషయమై హారీ నైక్విస్ట్ 1928లో వ్రాసిన వ్యాసములో దీని మూలము కలదు. రష్యాలో కొటెల్నికోవ్ 1933లోను, అమెరికాలో క్లాడ్ షానన్ 1949లోను దీనిని పూర్ణమైన సిద్ధాంతముగా నిరూపించిరి. మనుష్యుని చెవికి, అందులోను పడుచువాని చెవికి, పైహద్దు 20,000 హెర్ట్జుల దరిదాపులలో ఉండుటచే డిస్కును ఏర్పరచినవారు ఈ సంఖ్యను ఎన్నుకొనిరి.

మరి మెట్లు ఎక్కడివి? డాక్ లోపల ఒకచోట అవి నిజముగానే పుట్టును. ఒక అంకెకు తగిన వోల్టేజిని, తరువాతి అంకె వచ్చువరకు అట్లే పట్టియుంచుటవలన మెట్లు ఏర్పడును. కాని ఆ మెట్ల తరంగమును విడదీసి చూచినచో అందులో రెండు భాగములు కనబడును. ఒకటి అసలు తరంగము. రెండవది 22,050 హెర్ట్జులకు పైన ఏర్పడిన దాని ప్రతిబింబములు. మెట్ల అంచులన్నియు ఈ రెండవ భాగమువే. డాక్‌లోని ఫిల్టరు దానిని వడగట్టివేయును. మిగిలినది నున్నని తరంగము. పై తరగతుల ప్రయోగశాలలో ఆసిలోస్కోపు ఉన్నచోట దీనిని కంటితో చూడవచ్చును. 15,000 హెర్ట్జుల స్వరమును వినిపించి చూడవలెను. ఒక్కొక్క ఆవృత్తికి మూడు కొలతలైనను లేవు. అయినను తెరపై కనబడునది చక్కని సైన్ తరంగమే. 9 డాలర్ల డాక్ కూడ ఈ పని చేయును.

ఇక అంగడిని చూతము. ఒక దుకాణదారు మెట్ల బొమ్మను చూపి భయపెట్టును. 44,100 చాలదు, 192 వేలు కావలెను, 384 వేలు కావలెను, 768 వేలు కావలెను అని సంఖ్యలను పెంచుచుండును. ప్రక్క దుకాణదారు ఆ మెట్లనే అమ్మును! ఫిల్టరు ధ్వని సహజత్వమును చెరచుననియు, దానిని తీసివేసిన డాక్ గ్రామఫోను వలె మధురముగా పలుకుననియు ఇతని వాదము. ఇట్టి ఫిల్టరు లేని డాక్‌లు వేల డాలర్ల వెలకు అమ్ముడుపోవుచున్నవి. వీనిలో మెట్లు మెట్లుగానే మిగిలిపోవును. అంతేకాదు, పట్టియుంచుటవలన తారస్థాయి బలము తగ్గును. లెక్క కట్టి చూచినచో 10,000 హెర్ట్జులవద్ద 0.75 డెసిబెల్, 20,000 హెర్ట్జులవద్ద 3.2 డెసిబెల్ తరుగు తేలును. కొందరికి ఈ మెత్తదనము నచ్చవచ్చును. ఆంప్లిఫయరుపై ఉన్న ట్రెబుల్ మరను కొద్దిగా త్రిప్పినను అదే మెత్తదనము దొరకును. ఒకే బొమ్మను చూపి ఇద్దరును ఎదురెదురు సరకులను అమ్ముచుండగా, ఇద్దరికిని కొనువారు దొరకుట విచారింపదగినది.

మూడవవాడు మరింత చదువుకొన్నవాడు. షానన్ సిద్ధాంతము పూర్తిగా నెరవేరవలెనన్నచో ఫిల్టరు అనంతమైన పొడవు గలది కావలెనని ఇతడు చెప్పును. గణితము ప్రకారము ఇది నిజమే. ఇంగ్లండులోని కార్డ్ సంస్థవారి డేవ్ అను డాక్‌లోని ఫిల్టరునకు 1,64,000 గుణకములు కలవు. 2018లో వెలువడిన వారి ఎం స్కేలరు అను పరికరములో ఇవి పది లక్షలకు పైబడినవి. అంత లెక్కను క్షణక్షణమునకు చేయుట అబ్బురపడదగిన విద్యయే. కాని 20,000 హెర్ట్జులవరకు చెక్కుచెదరక, 22,050కి పైన పూర్తిగా తెగిపోవు ఫిల్టరునకు కొన్ని వందల గుణకములు, హెచ్చుగా చూచినచో కొన్ని వేలు చాలును. అప్పటికే మిగిలిన దోషము లక్షలో ఒక పాలునకు దిగియుండును. అనంతమునకు దగ్గరగుటయు, చెవికి అందుటయు వేరువేరు సంగతులు.

మెట్ల నడుమ దూరమును గూర్చి ఇంతవరకు చెప్పితిమి. మెట్టు ఎత్తు సంగతి ఇంకను రుచికరమైనది. డిస్కులోని ప్రతి అంకెకును 16 బిట్లు, అనగా 65,536 అంతస్తులు కలవు. నిరోధకములను నిచ్చెనవలె కూర్చి, ఒక్కొక్క బిట్టునకు సగము సగముగా తగ్గు వోల్టేజిని పుట్టించుట డాక్ నిర్మాణములో పాతపద్ధతి. అన్నిటికంటె పెద్ద బిట్టు విలువ 32,768 చిన్న మెట్లకు సమానము. కాబట్టి దాని నిరోధకములో 32,768లో ఒక పాలు దోషమున్నను ఒక మెట్టు అంతయు తారుమారగును. పదివేలలో ఒక పాలు దోషము మాత్రమే గల నిరోధకములనిన చాల మేలైనవి, ఖరీదైనవి. అవియు ఈ పనికి చాలవు. 24 బిట్లయినచో 84 లక్షలలో ఒక పాలు కావలెను. విడి నిరోధకములతో నిచ్చెన కట్టు డాక్‌లకు నేడు గొప్ప మోజు కలదు. మొదట చెప్పిన సెలెక్ట్ ఈ జాతిదే. వీనిలో అతి జాగ్రత్తతో నిర్మించినవి మేలైన కొలతలను చూపుటయు కలదు. ఆ జాగ్రత్తకే అంత వెల. ప్రశ్న ఏమనగా, ఆ గమ్యమునకు వేరొక సులభమైన దారి ఎప్పుడో దొరికియుండగా ఈ కష్టము ఎందులకు అని.

ఆ సులభమైన దారికి డెల్టా-సిగ్మా అని పేరు. జపానులో ఇనోసె, యసుద మొదలగువారు దీనిని 1962లో ప్రకటించిరి. దీనిని అర్థము చేసికొనుటకు పాలవాని ఖాతా చాలును. రోజు పాల ఖరీదు 30 రూపాయల 25 పైసలు అనుకొందము. ఇంటనున్నవి రూపాయి నాణెములు మాత్రమే. మొదటి మూడు దినములు 30 చొప్పున ఇచ్చి, బాకీని ఖాతాలో వ్రాసి, నాల్గవ దినమున 31 ఇచ్చినచో లెక్క సరిపోవును. ఏ దినమునను సరియైన సొమ్ము ఇయ్యలేదు. అయినను నాలుగు దినముల సగటున పైసా తేడా రాదు. నేటి డాక్ చిప్పు ఇట్లే కొద్దిపాటి అంతస్తులతో, కాని సెకనుకు పది లక్షలకు మించిన పర్యాయములు వోల్టేజిని ఇచ్చుచు, ప్రతిసారి మిగిలిన బాకీని తరువాతి అంకెకు కలుపును. దోషమంతయు చెవికందని పై పౌనఃపున్యములకు నెట్టబడి అచ్చట ఫిల్టరునకు చిక్కును. నిరోధకముల ఖచ్చితత్వమునకు బదులు వేగమును వాడుకొనుట ఇందలి కిటుకు. సిలికాన్‌లో వేగము చౌక, ఖచ్చితత్వము ప్రియము. 1982లో కాంపాక్ట్ డిస్కు బయలుదేరినపుడే ఫిలిప్స్ సంస్థవారు చేతనున్న 14 బిట్ల డాక్ చిప్పును నాలుగు రెట్ల వేగముతో నడిపి, ఇట్టి బాకీ లెక్కను జోడించి, 16 బిట్ల పని చేయించిరి. డాక్‌ల వెల దిగివచ్చిన కథకు ఇది తొలి అధ్యాయము.

నేడు వంద, రెండువందల డాలర్లకు దొరకు డాక్‌లలో మంచివాని దోషము, రొద కలిపి 120 డెసిబెల్‌ల దిగువన ఉన్నవి. అనగా వోల్టేజిలో పది లక్షలలో ఒక పాలు. 9 డాలర్ల తీగముక్కలో ఇది సుమారు లక్షలో ఒక పాలు. లౌడ్ స్పీకరులోనో, మంద్రస్వరముల దోషము వందలో ఒక పాలునకు చేరుట సామాన్యము. గది గోడల ప్రతిఫలనమువలన కొన్ని స్వరములు పది డెసిబెల్‌లు పెరుగుటయు, తరుగుటయు కలదు. ఇంత పెద్ద వికృతులను వదలి, లక్షలో ఒక పాలును పదిలక్షలలో ఒక పాలుగా చేయుటకు సొమ్ము వెచ్చించుట, చిల్లుకుండకు మెరుగు పెట్టించుట వంటిది. 24 బిట్ల సంగతి సరేసరి. 2 వోల్టుల నిర్గమములో 24వ బిట్టు మెట్టు ఎత్తు ఒక మైక్రోవోల్టులో మూడవ వంతు. సామాన్యమైన ఒక వెయ్యి ఓముల నిరోధకములో గది వేడిమివలననే, శ్రవ్యమైన పౌనఃపున్యముల మేరకు, అర మైక్రోవోల్టునకు మించిన రొద పుట్టుచుండును. ఈ వేడిమి రొదను జాన్సన్ కనుగొనగా దానికి సూత్రము వ్రాసినది నైక్విస్టే. అదియు 1928లోనే. ఒకే సంవత్సరములో డాక్‌నకు పునాదిని, దాని హద్దును కూడ చూపిన ఘనత ఆయనది.

జిట్టరు అను మాట కూడ ప్రకటనలలో తరచుగా వినబడును. అంకెలను విడుదల చేయు గడియారపు తడబాటునకు ఇది పేరు. దీని నివారణకు వేల డాలర్లకు విడి గడియారములను అమ్ముచున్నారు. జపానులో అషిహర, ఆయన సహచరులు 2005లో ప్రకటించిన పరీక్షలలో, నేర్పరులైన శ్రోతలకును ఈ తడబాటు కొన్ని వందల నానోసెకన్లు ఉన్నప్పుడే పట్టుబడినది. చౌక డాక్‌లలోను ఇది ఒక నానోసెకనునకు లోపల ఉండుట నేడు మామూలు.

కొలతలు చెవి వినునదంతయు చెప్పలేవని వాదించువారు కలరు. ఇది త్రోసివేయదగిన వాదము కాదు. చెవినే అడుగవలెను. అయితే కంటిని మూసి అడుగవలెను. 2007లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీవారి పత్రికలో మేయర్, మోరన్ అను ఇద్దరు అట్టి పరీక్షను ప్రకటించిరి. డిస్కుకంటె హెచ్చు ఖచ్చితత్వము గల రికార్డులను మేలైన పరికరములపై మ్రోగించుచు, నడుమ ఒకప్పుడు 16 బిట్లు, 44,100 కొలతల మార్గమును చొప్పించిరి. అనగా శబ్దమును తిరిగి అంకెలుగా మార్చి, మరల డాక్‌గుండా శబ్దముగా మార్చిరి. ఎప్పుడు చొప్పించినది వినువారికి చెప్పలేదు. 554 పర్యాయములలో 276 సరియైన జవాబులు వచ్చినవి. నాణెమును ఎగురవేసినను అంతే వచ్చును. ఎదుటి పక్షమున చెప్పవలసినదియు ఒకటి కలదు. లండనులోని జాషువా రీస్ 2016లో ఇట్టి 18 పరీక్షలను, 12 వేలకు మించిన జవాబులను ఒకచోట చేర్చి లెక్కించెను. సరియైనవి నూటికి 52.3 తేలినవి. ముందుగా శిక్షణ పొందినవారిలో ఇవి 60 దరిదాపులకు పెరిగినవి. కావున ఏదో అత్యల్పమైన భేదము కొన్ని సందర్భములలో ఉండవచ్చును. కాని అది రికార్డింగు ప్రమాణముల నడుమ భేదము, డాక్‌ల వెలల నడుమ భేదము కాదు. పైగా దానిని పట్టుటకు శిక్షణ కావలసివచ్చినది. తెర తొలగుట అట్లుండదు.

2020 అక్టోబరులో జపానులోని నొబెయొకలో అసాహి కాసెయ్ సంస్థవారి చిప్పుల కర్మాగారము తగులబడినది. మేలిరకపు డాక్‌లలో పెక్కింటికి చిప్పులు అచ్చటినుండి వచ్చుచుండెడివి. సరఫరా ఆగిపోగా పలువురు నిర్మాతలు అమెరికాలోని ఈ.ఎస్.ఎస్. సంస్థ చిప్పులకు మారిరి. మొదటి సంస్థ చిప్పులకు వెల్వెట్ శబ్దమని ఆ సంస్థ పెట్టిన పేరే ఉన్నది. రెండవ సంస్థ చిప్పులు గాజువలె కరకుగా పలుకునని శ్రోతలలో ఒక మాట వ్యాపించియుండెను. చిప్పు మారిన పరికరములలో మంచివాని దోషములు మునుపటివలెనే చెవి హద్దునకు ఎంతో దిగువన ఉన్నట్లు కొలతలు చూపినవి. వెల్వెట్ అంతయు పేరులోనే ఉన్నదేమో!

డాక్‌లన్నియు ఒక్కటే అని దీని అర్థము కాదు. ఆపిల్‌వారి తీగముక్క ఇచ్చునది గరిష్ఠముగా 1 వోల్టు. హెచ్చు నిరోధము గల హెడ్‌ఫోనులకు అది చాలదు. ఐరోపాలో అమ్ము రకము అందులో సగమే ఇచ్చును. కంప్యూటరు విద్యుత్తునుండి గుర్రుమను రొద చొరబడు డాక్‌లు ఉన్నవి. ఒక పరికరము 2 వోల్టులు, ప్రక్కది 2.5 వోల్టులు ఇచ్చినచో రెండవది సుమారు 2 డెసిబెల్‌లు బిగ్గరగా మ్రోగును. కొద్దిగా బిగ్గరైన శబ్దమును మేలైన శబ్దముగా భావించుట చెవి స్వభావము. దుకాణములో జరుగు ప్రదర్శనలలో ఎన్ని తెరలు ఈ 2 డెసిబెల్‌లచే తొలగినవో చెప్పజాలము. చక్కని పెట్టెకు, చిరకాలపు మన్నికకు, చేతికింపైన మరలకు సొమ్ము చెల్లించువారిని తప్పుపట్టనక్కరలేదు. ఆ సొమ్మును వినికిడి లెక్కలో వ్రాసికొనుటయే పొరపాటు.

తెలుగువారి ఇండ్లలో వినబడు పాటల సంగతి కూడ చూడవలెను. ఘంటసాల పాటలు మొదట టేపుపైనో, నిమిషమునకు 78 చుట్లు తిరుగు పలకపైనో ఎక్కినవి. ఆనాటి టేపులో అతిబిగ్గర శబ్దమునకును రొదకును నడుమ ఎడము 60, 70 డెసిబెల్‌లు. 78 పలకలో అదియు లేదు. 16 బిట్లలోని ఎడము 98 డెసిబెల్‌లు. ఆ పాటలలోని సుయిమను రొదను ఏ డాక్ కూడ తీసివేయదు, తీసివేయరాదు కూడ. గదిలో తిరుగు పంకా దానికి తోడు.

ఈ విషయమును తరగతిలో పరీక్షించుటకు పెద్ద ఖర్చు లేదు. కావలసినవి రెండు డాక్‌లు, ఒక వోల్టుమీటరు, మార్చుటకు ఒక స్విచ్చి, ఒక నాణెము. వోల్టుమీటరు 50 లేక 100 హెర్ట్జులవద్ద నమ్మదగినది కావున అట్టి స్వరమును మ్రోగించి, రెంటి వోల్టేజిని నూటికి ఒకటి తేడా మించకుండ సరిచేయవలెను. ఒక విద్యార్థి తెరచాటున నాణెమును ఎగురవేసి, దానిని బట్టి స్విచ్చిని పెట్టి, ఏది పెట్టినదో వ్రాసికొనును. వినువాడు అది ఏ డాక్‌యో చెప్పవలెను. అతనితో మాటలాడువారు ఎవరును స్విచ్చిని చూచియుండరాదు. ఇట్లు 16 పర్యాయములు చేయవలెను. జవాబులు వచ్చు విధములు మొత్తము 65,536. డిస్కులోని అంతస్తుల సంఖ్యయే ఇచ్చటను ఎదురగును, ఏలననగా రెండును 2 యొక్క 16వ ఘాతమే. వీనిలో 12గాని అంతకు మించిగాని సరియగునవి 2,517 మాత్రమే. అనగా ఏమియు వినబడనివాడు ఊహతో 12 దాటుటకు అవకాశము నూటికి నాలుగుకంటె తక్కువ.